చెవికి అందని పదును

మార్కాపురం పలకల కార్ఖానాలో నాది చెవితో చేసే పని. గనిలోంచి వచ్చిన రాతిని పొరలుగా చీల్చి, కొలతకు కోసి, అరగదీసి, దొంతరలుగా నా ముందు పెట్టేవారు. ఒక్కొక్క పలకను ఎడమచేతి వేళ్ల కొసల మీద నిలబెట్టి, కుడిచేతి వేలి కణుపుతో నడుమ కొట్టి వినాలి. ఖంగుమని మోగితే మంచిది, చట్రం బిగించే వాళ్ల దగ్గరికి పోతుంది. పగిలిన కుండలా చప్పగా పలికితే లోపల కంటికి కనపడని నెర్రె ఉన్నట్టు. దాన్ని పక్కన పారేయాలి. లేకపోతే ఏ ఊరి బడిలోనో ఒక పిల్లవాడు అక్షరాలు దిద్దుతుండగా రెండు ముక్కలవుతుంది, తన్నులు వాడికి పడతాయి.

ఈ పని నాకు నేర్పింది మేస్త్రి. మా అమ్మకు తమ్ముడు, నాకు మామ. "కంటిని నమ్మొద్దురా అల్లుడా. కన్ను పైపైన చూసి వచ్చేస్తాది. చెవి లోపలికి పోతాది" అనేవాడు. కార్ఖానాలో ఆయన మాటకు తిరుగులేదు. నా చెవికి కూడా కొంచెం పేరుండేది, దాన్ని చూసుకుని నాకు కొంచెం పొగరుండేది.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఒక ఉదయం మామ నా వెనక నిలబడి, నేను పారేసిన కుప్పలోంచి ఒక పలక తీసి కొట్టి చూశాడు. ఇంకొకటి తీశాడు. మరొకటి తీశాడు.

"ఇదేందిరా, మంచి పలకల్ని పారేస్తాండావు?"

"జలుబు చేసింది మామా. చెవులు దిబ్బడేసినాయి."

మామ నమ్మాడు. మిరియాల కషాయం తాగమని చెప్పి వెళ్లిపోయాడు. తాగాను. ఆ జలుబు మాత్రం ఈనాటికీ తగ్గలేదు.

అబద్ధం అంత తొందరగా నోట్లోంచి ఎందుకు వచ్చిందో తెలియాలంటే మా నాయన సంగతి చెప్పాలి. నాయన పుట్టు చెవిటివాడు కాదు. గనిలో సమ్మెట దెబ్బల మధ్య పని చేసి చేసి, నడివయసు రాకముందే వినికిడి పోగొట్టుకున్నాడు. పోయిందని ఒప్పుకోలేదు. ఎవరు ఏం చెప్పినా నవ్వి తల ఊపేవాడు. ఆ నవ్వుతో చాలాకాలం నెట్టుకొచ్చాడు. ఒకరోజు కురిచేడు నుంచి ఒక మనిషి వచ్చి, వాకిట్లో నిలబడి, మా మేనత్త పోయిందని కబురు చెప్పాడు. నాయనకు తోడబుట్టిన అక్క ఆమె. నాయన నవ్వి, "మంచిది మంచిది, అన్నం తిని పో" అన్నాడు.

వాడంతా ఆ మాట చెప్పుకుని నవ్వింది. చెవిటివాడి ముందు శంఖం ఊదితే, దాన్ని కొరకడం నీ తాత తరం కాదన్నాడట అనే సామెత మా వాడలో ఎప్పటినుంచో ఉన్నదే. ఆ తర్వాత దానికి మా నాయన పేరు తగిలించి చెప్పుకున్నారు. నాయన నవ్వడం మానేశాడు. మనుషుల్లోకి రావడం కూడా మానేశాడు. మేకల కొట్టంలో మంచం వేసుకున్నాడు. మేకలు ఏమీ అడగవు కదా. అక్కడే ఉండి అక్కడే పోయాడు. నాకు చావంటే అంత భయం లేదు, ఆ కొట్టం అంటే భయం. తెల్లవారి మెలకువ రాగానే, కళ్లు తెరవకముందే, చెవి దగ్గర రెండు వేళ్లు రాసి చూసుకునేవాణ్ణి. సర్రుమనే చప్పుడు వినపడితే ఆ రోజుకు బతికినట్టు.

గిటారు సంగతి ఇంతకంటే ముందు, చెవులు బాగున్న రోజుల్లో మొదలైంది. పలకల పెట్టెలను ఎడ్లబండి మీద మార్కాపురం రోడ్డు స్టేషనుకు తోలుకుపోయి గూడ్సులోకి ఎక్కించేవాళ్లం. ఎదురుబండి వచ్చేదాకా గూడ్సు పక్క లైనులో పడి ఉండేది. ఒక మధ్యాహ్నం ఆ బండి చివరి పెట్టె మెట్టు మీద గార్డు కూర్చుని, గిటారును తొడల మీద పడుకోబెట్టుకుని, ఎడమచేతిలో ఉక్కుకడ్డీ ముక్క పట్టుకుని తీగల మీద జారుస్తూ వాయిస్తున్నాడు. ఆంగ్లో ఇండియన్. దొనకొండ రైల్వే క్వార్టర్స్‌లో కాపురం. మేమంతా గార్డు దొర అనేవాళ్లం.

నా నెత్తిన పెట్టె ఉంది. దించడం మరిచిపోయాను. అంతవరకు నాకు తెలిసిన సంగీతమంతా మా చర్చిలోని హార్మోనియం. మిషన్ బడి అయ్యగారు దాన్ని వాయించేవారు, నాకు కూడా కాస్త నేర్పారు. అందులో స్వరాలు మెట్ల మాదిరి ఉంటాయి. ఒకటి దిగి ఇంకొకటి ఎక్కాలి. దొర గిటారులో మెట్లు లేవు, అంతా ఏటవాలు. పైగా ఆ శబ్దానికి ఒక అంచు ఉంది. తీగ మీటగానే ముందు సన్నగా ఏదో చెవిని తాకేది, మిగతా ఒళ్లంతా దాని వెనకాల వచ్చేది. నిమ్మకాయ కోసినప్పుడు ముందు వాసన తగిలి, తర్వాత రసం కారినట్టు. నాకు ఆ అంచు కావాలనిపించింది. పెళ్లీడు పిల్లను చూసి కూడా నేను అంతగా కావాలనుకోలేదు.

దొర నన్ను చూసి వాయించడం ఆపాడు. "ఏం మ్యాన్, నెత్తి మీద బాక్స్ ఉండాది, తెల్దా?" అన్నాడు.

ఆ నవ్వులాటతోనే చనువు కుదిరింది. ఆదివారం ఆరాధన అయ్యాక నేను స్టేషనుకు పోయేవాణ్ణి. దొర బండి వస్తే చివరనుండే తన బ్రేకు పెట్టెలో ఎక్కించుకుని దొనకొండకు తీసుకుపోయేవాడు. నేర్పే పద్ధతి మా మామ పద్ధతే. "నా చెయ్యి ఎందుకు చూస్తావు మ్యాన్? విను" అనేవాడు. నేను విని, ఇంటికొచ్చి, అదే చర్చిలో హార్మోనియం మీద తేవాలని చూసేవాణ్ణి. అయ్యగారికి ఒళ్లు మండేది.

"అది తాగుబోతు నడకరా అబ్బాయ్. నిలబడాల్సిన చోట నిలబడదు. దేవుని కీర్తనను అట్ల తూలనిస్తావా?"

దొర దగ్గర కూర్చుంటే అయ్యగారి మెట్లు అడ్డం వచ్చేవి. అయ్యగారి దగ్గర కూర్చుంటే దొర ఏటవాలు అడ్డం వచ్చేది. ఇద్దరి చేతా తిట్లు తిని రెంటికీ చెడ్డ రేవడినయ్యాను. నాకంటూ ఒక పలుకు ఉండాలని అప్పట్లో నాకు తోచనే లేదు. దొర వాయించినట్టు వాయిస్తే చాలు, జన్మ ధన్యం.

యుద్ధం కోసం దొనకొండ పక్కన విమానాల మైదానం వేశారు. అక్కడికి వచ్చిపోయే సోల్జర్ ఒకతను దొరకు ఒక చిన్న డబ్బీ ఇచ్చిపోయాడు. లోపల అయస్కాంతం, దాని చుట్టూ జుట్టంత సన్నటి రాగితీగ. దాన్ని గిటారు తీగల కింద బిగించి, వైరు తీసుకుపోయి రేడియోకు తగిలిస్తే గిటారు రేడియోలోంచి పలికేది. దొర చేతిపనివాడు. ఆ డబ్బీని చూసి అలాంటిదే ఇంకొకటి చుట్టి నాకిచ్చాడు. పలకల పెట్టెలకు వచ్చే మామిడి చెక్కల్లో మందపాటిది ఒకటి ఏరుకుని, చిత్రిక పట్టి, దొర ఇచ్చిన తీగలు బిగించాను. దానికి బోలు కడుపు లేదు, నడుము లేదు. కరెంటు తగిలిస్తే గిటారు, లేకపోతే చపాతీల పీట. ఉక్కు దొరకని రోజులు కనుక కడ్డీ బదులు పలకరాతిని వేలంత పొడవున అరగదీసి, నూనె రాసి వాడుకున్నాను.

దొర ఆ రాతిముక్కను చూసి నవ్వాడు. వాయిస్తే విని, మొహం అదోలా పెట్టాడు.

"గరగర వస్తాంది మ్యాన్."

నాకు గరగర ఏమీ వినపడలేదు. దొరకే వయసు మీద పడి చెవి పోతోందని మనసులో జాలిపడ్డాను.

వైరు మధ్యలో దొర ఒక చిన్న పెట్టె అమర్చాడు. దాని మీద రెండు బుడిపెలు. ఒకటి తిప్పితే శబ్దం పెరుగుతుంది. రెండోది తిప్పితే ఆ శబ్దంలోని సన్నటి పదును పెరుగుతుంది. ఈ రెండోదే నా పాలిట దేవుడు, దెయ్యం కూడా. స్టేషన్లో ఆ మధ్యాహ్నం విన్న అంచు నా తలలో చెక్కుచెదరకుండా ఉంది. దొర డ్యూటీకి పోయినప్పుడు వాళ్ల వరండాలో కూర్చుని, అది వచ్చేదాకా పదును తిప్పేవాణ్ణి. మొదట్లో సగం తిప్పితే వచ్చేది. తర్వాత ముప్పావు తిప్పాల్సి వచ్చింది. దొరసాని లోపలినుంచి తలుపులు మూసుకునేది, తలనొప్పేమో అనుకున్నాను. తీగలు తుప్పు పట్టాయనుకున్నాను, డబ్బీ పాతబడిందనుకున్నాను. చెవి అని మాత్రం అనుకోలేదు. అనుకోవడానికి ధైర్యం చాలలేదు.

ఇంటి దగ్గర కరెంటు లేదు. గిటారు చెక్క అంచును పళ్లతో కరిచిపట్టుకుని మీటితే దవడలోంచి తలలోకి శబ్దం వచ్చేది. కార్ఖానాలో కూడా మామ అటు తిరిగినప్పుడు పలకను గడ్డానికి ఆనించి కొట్టేవాణ్ణి. గడ్డానికి ఎప్పుడూ బూడిదరంగు పొడి అంటుకుని ఉండేది. ఎవరైనా అడిగితే దురద అనేవాణ్ణి. మాట్లాడేవాళ్ల పెదాల మీద నుంచి చూపు తిప్పేవాణ్ణి కాదు. ఇద్దరు దూరంగా నిలబడి నవ్వుకుంటే గుండెలో రాయి పడేది, నా గురించే అనుకునేవాణ్ణి. మా నాయన ఎందుకు కొట్టంలోకి పోయాడో అప్పుడు అర్థమైంది.

ఆ రోజుల్లోనే నాకు పెళ్లి చేశారు. పిల్లది పుల్లలచెరువు వైపు. ఆ వైపు వాళ్లు అడవి అంచున ఉన్న మేకను కేక వేసి ఇంటికి రప్పించగలరు గానీ, ఇంట్లో గొంతెత్తరు. ఆమె గొంతు సన్నం. సరిగ్గా నా చెవిలో పోయిన భాగంలోనే పడేది. ఆమె ఏమన్నా "ఊ" అనేవాణ్ణి. సాయంత్రం ఉప్పు తెస్తావా అంటే ఊ. ఉప్పు రాదు. మా అమ్మావాళ్లింటికి పోదామా అంటే ఊ. ప్రయాణం లేదు. ఒకరోజు నేను వాకిట్లో తీగలు బిగిస్తుంటే ఆమె నా వెనక నిలబడి, "ఇంటికి నిప్పంటుకునింది, లెయ్యి" అందట. నేను లేవలేదు. తీగ బిగిస్తూ కూర్చున్నాను. ఈ సంగతి ఆమె నాకు చాలాకాలం తర్వాత చెప్పింది. ఆ రోజు మాత్రం ఎవరికీ చెప్పలేదు, నాక్కూడా చెప్పలేదు. మర్నాటి నుంచి ఏం మాట్లాడాలన్నా చుట్టూ తిరిగి నా ముందుకొచ్చి మాట్లాడేది. కొత్త పెళ్లికూతురు ఇంత బెరుకు లేకుండా మొహంలో మొహం పెట్టి మాట్లాడుతుందేమిటా అనుకున్నాను.

మా చర్చికి పెద్ద పండుగ కోత పండుగ. జొన్నలు, కొర్రలు, ఆముదాలు, గుమ్మడికాయలు, కోళ్లు, ఎవరికి పండింది వాళ్లు తెచ్చి బల్ల ముందు పెడతారు, ఆరాధన అయ్యాక పందిట్లో వేలం వేస్తారు. ఆ యేడు పెద్దలు మైకుసెట్టు తెప్పించారు. లారీ బ్యాటరీ మీద నడిచేది. దొర ఆ మాట విని, నా చెక్కను దానికి తగిలించవచ్చన్నాడు. అయ్యగారు చాలాసేపు గొణిగి ఒప్పుకున్నారు.

"ఒక్క కీర్తన. తిన్నగా వాయించు. తూలావంటే వైరు పీకేస్తా."

ముందురోజు నాకు అన్నం సహించలేదు. ఇంతవరకు దొర ఇంటి వరండా తప్ప ఎక్కడా వాయించలేదు. ఊరంతా ఉంటుంది. తప్పు పోతే నాకు తెలుస్తుందా? తెలియకపోతే? మా ఆవిడ నా ముందుకొచ్చి కూర్చుని, "భయంగా ఉంటే పోవద్దులేయ్యా" అంది. భయమేముంది అని కసురుకున్నాను. భయం ఎక్కువైనప్పుడు నాకు కోపం వస్తుంది. ఇప్పటికీ అంతే.

పందిరి ముందు వేపచెట్టుకు లౌడుస్పీకరు కట్టారు. దాని నోరు సరిగ్గా నా వైపు ఉంది. అది ప్రమాదమని నాకు తెలియదు, మైకుసెట్టు వాడికి తెలిసినా చెప్పలేదు. చెక్కను తొడల మీద పెట్టుకుని ఒక తీగ మీటాను. శబ్దం ఒళ్లు మాత్రమే వచ్చింది, అంచు రాలేదు. పదును సగం తిప్పాను. ముప్పావు. చివరంటా తిప్పాను. లీలగా ఏదో తగిలింది. శబ్దం బుడిపెను కూడా పెంచాను. అప్పుడు వచ్చింది. స్టేషన్లో విన్న ఆ అంచు, అక్షరాలా అదే. ఇన్నేళ్లకు దొరను పట్టుకున్నాననుకున్నాను. సంతోషంతో నా మొహం విచ్చుకుంది. కీర్తన ఎత్తుకున్నాను.

రెండో చరణంలో తలెత్తి చూశాను. ముందు వరసలో చంటిపిల్లల మొహాలు ముడుచుకుపోయి ఉన్నాయి, నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. వేలానికి కాళ్లు కట్టి పెట్టిన కోళ్లు రెక్కలు కొట్టుకుంటున్నాయి. ఆడవాళ్లు కొంగులతో చెవులు మూసుకున్నారు. మగవాళ్లు అరచేతులతో మూసుకున్నారు. అయ్యగారి నోరు కదులుతోంది. దొర వెనకనుంచి జనాన్ని తోసుకుంటూ పరిగెత్తుకొస్తున్నాడు. ఏం జరుగుతోందో నాకు తెలియలేదు. నాకు కీర్తన తప్ప ఏమీ వినపడటం లేదు. తీయగా వినపడుతోంది. ఏం చేయాలో తెలియక, నవ్వుతూనే వాయించాను.

అప్పుడు మా ఆవిడ కనపడింది. అంతమందిలో ఆమె ఒక్కతే చెవులు మూసుకోలేదు. నా మొహంలోకి చూస్తూ, వద్దు వద్దన్నట్టు మెల్లగా తల ఊపుతోంది. ఆమె కళ్లలో నీళ్లున్నాయి. నా మొహం మీద ఉన్నది ఎవరి నవ్వో అప్పుడు తెలిసింది.

దొర వచ్చి వైరు పీకేశాడు. పదును, శబ్దం రెండూ పెంచేసరికి, స్పీకరు కూత తిరిగి నా తీగల్లోకే వచ్చి, మళ్లీ స్పీకరులోకి పోయి, చుట్టు తిరుగుతూ, సన్నటి కీచు అరుపై పోయిందట. ఊరి చివర కుక్కలు కూడా మొరిగాయట. అంత అరుపులో ఒక్క పిసరు కూడా నా చెవికి అందలేదు. ఎవరో "చెవిటోని కొడుకు కదా" అన్నారు. అది నాకు వినపడలేదు, పెదాల మీద చదువుకున్నాను.

మర్నాడు మామ పలకల దొంతర ముందు నుంచి నన్ను లేపాడు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. "పెట్టెలకు మేకులు కొట్టుపోరా" అని, కాస్త ఆగి, "నాకైనా చెప్పకపోతివే అల్లుడా" అన్నాడు. మిషన్ ఆసుపత్రి డాక్టరమ్మ చెవిలో దీపం పెట్టి చూసి, సన్నటి శబ్దాలు వినే నరం ఎండిపోయిందని, మిగతాది కూడా మెల్లగా పోతుందని చెప్పింది. ఎప్పటికి పోతుందని అడిగాను. దేవుడికి తెలుసు అంది. దేవుడికి తెలిసి నాకేం లాభం?

దొర తర్వాతి ఆదివారం నా బుడిపెల పెట్టెను ఒళ్లో పెట్టుకుని, తన చెవికి సరిపడేలా పదును తిప్పి, అక్కడ చాకుతో గీత గీశాడు.

"నీ చెవి అబద్ధం చెప్తాది మ్యాన్. ఈ గీత చెప్పదు. ఎప్పుడూ దీని మీదే పెట్టు."

పెట్టాను. ఆ గీత మీద వాయిస్తే నాకు దుప్పటి కప్పుకుని విన్నట్టుండేది. అంచు లేదు, మెరుపు లేదు, మొద్దు శబ్దం. అయినా చర్చిలో మళ్లీ వాయించనిచ్చారు. అయ్యగారు అంతటివారు దగ్గరికొచ్చి, "ఇప్పుడు కుదిరిందిరా, అచ్చం దొర వాయించినట్టే ఉంది" అన్నారు. ఈ మాట కోసమే కదా నేను ఇన్నేళ్లు పాకులాడింది. అది విన్నరోజు నాకు పట్టుకున్న భయం అంతకుముందెప్పుడూ లేదు. నేను వినకుండానే నా చేతులు వాయిస్తున్నాయి. మెప్పు కూడా నాది కాదు. రేపు మొత్తం చెవుడొచ్చినా నా చేతులు ఇలాగే దొర పాట వాయిస్తాయి, నేను లోపల మేకల మధ్య కూర్చుని ఉంటాను. ఇంటికి పోయి చెక్కను అటక మీద పడేశాను.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక దొర కుటుంబంతో చెన్నపట్నం పోయి ఓడ ఎక్కాడు. పోయేముందు స్టేషన్లో నా భుజం తట్టి ఏదో చెప్పాడు. ఇంజను ఆవిరి చప్పుడులో నాకు అందలేదు. నవ్వి తల ఊపాను.

ఆ తర్వాత మా ఆవిడ చెల్లెలి పెళ్లి వచ్చింది, పుల్లలచెరువు దగ్గర వాళ్ల ఊళ్లో. పట్టపగలు పెళ్లి, మైకుసెట్టు పెట్టారు. ఆమె నాకు చెప్పకుండా అటక మీది చెక్కను, బుడిపెల పెట్టెను గోనెసంచిలో చుట్టి బండిలో పెట్టింది. అక్కడికి పోయాక అల్లుడు వాయిస్తాడని అందరికీ చెప్పేసింది. పారిపోవడానికి దారి లేదు, పెళ్లివారి ముందు భార్యను తిట్టడానికీ లేదు. స్పీకరును నాకు పెడగా తిప్పించి, పదును దొర గీత మీద పెట్టి, తీగ మీటబోయాను.

ఆమె ఆడవాళ్ల మధ్యలోంచి లేచి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. అందరూ చూస్తున్నారు. చేయి చాపి పదును బుడిపెను గీత దాటించి తిప్పడం మొదలుపెట్టింది. నేను ఆ చేయి పట్టుకున్నాను.

"వద్దు. మళ్లా అరుస్తాది."

"అరిస్తే నేను చెప్తాగా. ఈడ్నే ఉంటా."

"అది దొర పెట్టిన గీత."

"ఆడ పెడితే దొర వినపడతాడు. నువ్వు వినపడవు."

నాకు కోపం వచ్చింది. "దొర మాదిరి ఉండాలనే కదా ఇన్నేండ్లు తిప్పింది. పదును పెంచితేనే నాకు దొర వినపడేది" అన్నాను.

ఆమె ఆశ్చర్యపోయి చూసింది. "దొర మాదిరా? ఎవరు చెప్పినారు? ఇంటికాడ నువ్వు వాయించేది ఏనాడూ దొర మాదిరి లేదు. దొరది వింటే నిద్దరొస్తాది. నీది గరగరగా, సన్నగా..." అని మాట కోసం వెతుక్కుంది. "భయపడిన మనిషి ఎవరినో పిలుస్తాన్నట్టు ఉంటాది. లేచి పోయి పలకాలనిపిస్తాది."

"అందరికీ అట్లనే ఉంటాదా?"

"చెవులుండే వాళ్లందరికీ."

జలుబని, దురదని, ఊ అని, నవ్వులతో తల ఊపులతో ఇన్నేళ్లు నేను దాచింది తీగల్లోంచి కారిపోతూనే ఉందన్నమాట. సిగ్గుతో తల వాలిపోయింది. ఆమె చేయి వదిలాను, ఆమె పదును గీత దాటించి తిప్పింది. ఆ సిగ్గుతోనే పలకరాతిని తీగ మీద ఆనించి జార్చాను. స్టేషన్లో విన్న అంచు మళ్లీ వచ్చింది. ఆ పందిట్లో దొర వాయిద్యం నా ఒక్కడికే వినపడుతోందని, మిగతా అందరికీ వినపడుతున్నది నేనేనని తెలిసి వాయించడం అదే మొదలు. జనం చేతులు చెవుల మీదికి పోతాయేమోనని చూస్తూనే వాయించాను. పోలేదు. మాటలు ఆగిపోయాయి. అన్నాలు వడ్డించేవాళ్లు బకెట్లు కింద పెట్టి ఇటు తిరిగారు.

అయిపోయాక ఆమె ముందుకు వంగి నాతో ఏదో అంది. చుట్టూ అందరూ ఒక్కసారిగా మాట్లాడుతున్నారు. అలవాటుగా నా మొహం మీదికి నవ్వు రాబోయింది. ఆపుకున్నాను.

"నాకు వినపడలేదు" అన్నాను, పందిట్లో అందరికీ వినపడేంత గట్టిగా. "మళ్లా చెప్పు."